చైనా బంగ్లా ఉత్తరపు కొన

సోమక్క కుడికాలు మట్టిలోంచి పెరికి ఎడమకాలు దింపింది. ఎనిమిది రోజులుగా నానిన మట్టి పిక్కల దాకా పట్టుకుని ఒక పట్టాన వదలడం లేదు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, చెరువు ఒండ్రు ఒక పాలు, పైన చేటెడు వరి ఊక. చేతిలోకి తీసుకుంటే ముద్ద కావాలి, వదిలితే వేళ్ళకు అంటకూడదు. ఆ హద్దు ఎక్కడుందో ఆమె పాదాలకు తెలుసు. యాభై దాటిన పాదాలు. వేళ్ళు దేనికది విడిపోయాయి, మడమల పగుళ్ళలో ఎర్రమట్టి ఏనాడో కాపురం పెట్టింది. తొక్కే ముందు వెండి కడియాలు తీసి వరండా స్తంభానికున్న మేకుకు తగిలించడం ఆమె అలవాటు. ఈరోజూ తగిలించింది. కానీ రోజూలా మట్టిని చూసుకుంటూ తొక్కడం లేదు. పైకప్పు ఉత్తరపు కొన వైపు చూస్తూ తొక్కుతోంది.

పొద్దున ఏడింటికి ఆ కొన మీద గూన పెంకులు విప్పడానికి ఎక్కిన ఆమె భర్త రాయమల్లు, గంట గడవకముందే నిచ్చెన దిగి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన పని నడుమ దిగడం ఆమె రెండు మూడు సార్లకు మించి చూడలేదు. వచ్చి మట్టిగుంట పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాసేపు ఊకను వేళ్ళతో చిదిమాడు.

"కొన దూలం గుల్లయింది," అన్నాడు.

"ఎంత?"

"చెయ్యి పెడ్తె లోపలికి పోతాంది. సిమెంటు కింద నీళ్ళు నిల్సి మొత్తం మురిగింది."

సిమెంటు అన్న మాట దగ్గర ఆయన ఆమె మొహం వైపు చూడలేదు. ఏడేళ్ళుగా ఆ మాట వస్తే ఎటో చూస్తాడు.

"మూడింటికి ఇంజనీరు సారు వస్తాండు. అంతల్నే మట్టి పెట్టి గూన కప్పేస్త. కింది నుంచి సూస్తె కానరాదు. వానలు వెనుకకు పట్టినంక దూలం మారుస్త. టీచరమ్మకు చెప్పకు."

"మరి హాస్టలు పిల్లలు?"

"నాలుగు నెలలు ఆగుతది." ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. నిచ్చెన దాకా పోయి, వెనక్కి తిరగకుండానే "ఆగుతది" అని ఇంకోసారి అన్నాడు.

హనుమకొండలో చైనా బంగ్లాను చూడనివాళ్ళు లేరు, చూసి నవ్వుకోనివాళ్ళూ తక్కువే. దాన్ని కట్టించిన డాక్టరు దొర చైనాలో పదహారేళ్ళు దవాఖాన నడిపాడట. అక్కడ యుద్ధం తరిమితే ఇక్కడికొచ్చి పడ్డాడు. పుట్టిన దేశాన్నీ మరిచిపోలేక, విడిచొచ్చిన దేశాన్నీ మరిచిపోలేక, ఆయన ఈ రెండింటినీ ఒకే ఇంట్లో పెట్టాడు. కింద సగం దొర ఇల్లు: నిలువెత్తు సున్నపు స్తంభాలు, కమాను కిటికీలు, వాటికి రంగు అద్దాలు, ఈ ఊరి ఎండల్లో ఒక్కనాడూ ఎవరూ నిప్పు వేయని చలిమంట గూడు. పై సగం చైనా: కిందికి వంగి మళ్ళీ పైకి లేచిన నాలుగు కొనలు, చూరు పొడవునా బిళ్ళ మొహాల గూన. వరండాలోంచి లోపలికి పోవాలంటే నిండు చందమామంత గుండ్రటి దర్వాజా. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు దాని కింది అంచు తన్నుకుని పడేవాళ్ళు, రెండో రోజు నుంచి అందులోనే కూర్చుని చదువుకునేవాళ్ళు. అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఎవరో దేశభక్తులు గోడ దూకి ఆ కొనల మీద రాళ్ళు వేసి పోయారు. ఒక్క చైనావాడు కాలు పెట్టని ఇల్లు అలా దెబ్బలు తింది. పగిలిన ముప్పై గూనలకు బదులు కొత్తవి రాయమల్లే హసన్‌పర్తిలో తన ఆవంలో కాల్చి, ఎడ్లబండి మీద గడ్డి పరిచి తెచ్చి కప్పాడు.

మొదటి గూన చేసింది ఆయన తండ్రి. దొర కాగితం మీద గీస్తే ఆ ముసలి కుమ్మరి సారె మీద తిప్పి చూపించేవాడట. అప్పుడు దొర ఒకటే మాట పదిసార్లు చెప్పాడట. చెక్క మీద మట్టే పెట్టాలి, సిమెంటు పెట్టకూడదు. మట్టి తాగిన నీళ్ళను ఎండకు ఇచ్చేస్తుంది, సిమెంటు ఇవ్వదు, దాచుకుంటుంది. తండ్రి ఆ మాట కొడుక్కి చెప్పాడు. కొత్తకోడలుగా వచ్చిన సోమక్కను ఈ మట్టిగుంటలో దింపిన రోజు కొడుకు ఆమెకు చెప్పాడు. దొర వెళ్ళిపోయాక బంగ్లా మిషన్ బడి ఆడపిల్లల హాస్టలైంది. ఏటా మిరుగం కార్తె వానలకు ముందు ఈ మొగుడూ పెళ్ళాలు వచ్చి పది రోజులుండి గూన తిప్పి పోతారు. మిగిలిన కాలమంతా ఆయన చేసేది కుండలే అయినా, ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "చైనా బంగ్లా గూన" అనేవాడు. కుండల సంగతి ఎత్తేవాడే కాదు.

ఇప్పుడా బంగ్లాను పడగొట్టి స్లాబు బిల్డింగు వేద్దామని బడి కమిటీలో కొందరు రెండేళ్ళుగా పట్టుబడుతున్నారు. హాస్టలు వార్డెను లిదియా టీచరు వద్దని అడ్డుపడుతోంది. ఇంజనీరు వచ్చి చూసి ఏం రాస్తే అదే ఖాయమని చివరికి రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ రాసే రోజు ఇదే. సాయంత్రం తొర్రూరు బస్సుకు పన్నెండు మంది కొత్త పిల్లలు దిగేదీ ఇవాళే. వాళ్ళ మంచాలు ఉత్తరపు గదిలో వేసి ఉన్నాయి, సరిగ్గా ఆ కొన కింద.

చూరు నుంచి తాడు ఒకసారి గుంజుకుంది. అంటే మట్టి పంపమని.

పైన వరండా నడిమి చూరుకు గిరక ఉంది. తాడుకు ఈ చివర గంప కట్టి, ఆ చివర సోమక్క లాగుతుంది. గంప చూరుకు అందాక తాడును స్తంభానికి కట్టేస్తుంది. గంపకు కట్టగా మిగిలిన కొస పైన రాయమల్లు దగ్గరే ఉంటుంది; గంప ఖాళీ చేసుకుని ఆయన దాన్ని రెండుసార్లు గుంజితే దించుతుంది. ఒక గుంజు పంపమని, రెండు దించమని, మూడు మంచినీళ్ళని. కింద దొర చదువుకుంటుంటే అరవకూడదని ఆయన భార్య దొరసాని పెట్టిన పద్ధతి ఇది. దొరసాని పోయినా పద్ధతి పోలేదు. ఈ మూడూ కాక నాలుగోది ఒకటుంది, అది దొరసానికి తెలియదు. పెళ్ళయిన తొలి ఏడు, పని మధ్యలో తాడు ఊరికే సన్నగా వణికింది. సోమక్కకు అర్థం కాక మెడ ఎత్తి చూసింది. ఆయన చూరు మీద నుంచి తొంగి చూసి, "ఏం లేదు, ఉన్నవా అని" అన్నాడు. అప్పటి నుంచి రోజుకు ఒకటి రెండుసార్లు తాడు వణికేది, ఆమె కూడా వణికించి జవాబు చెప్పేది. ఆ తాడు ఇవాళ ఒక్కసారీ వణకలేదు.

సోమక్క గంపలో మట్టి నింపి లాగింది. ఒక్కొక్క గంప లాగుతుంటే తనే ఆ గుల్ల దూలం మీద దుప్పటి కప్పుతున్నట్టుంది. అరచేతులు మండుతున్నాయి. ఆగి ఊపిరి తీసుకుంటే పైనుంచి వెంటనే ఇంకో గుంజు వస్తోంది.

ఆ సిమెంటు కలిపింది ఈ చేతులే. డెబ్బై ఆరులో మే నెల చివర గాలిదుమారానికి ఉత్తరపు కొన పెంకులు లేచిపోయాయి. అంతకు పది రోజుల ముందే దవాఖానలో సావిత్రి పోయింది. ఒక్కతే బిడ్డ, తొలి కాన్పు. బిడ్డా దక్కలేదు, బిడ్డకు బిడ్డా దక్కలేదు. సోమక్క మట్టిగుంటలో కాలు పెట్టి రెండు అడుగులు వేసి బయటికొచ్చి ఒడ్డున కూర్చుంది. మట్టి బతికున్న ఒంటిలా వెచ్చగా ఉంది. అంతకన్నా కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికీ లేదు. ఎనిమిది రోజులు తొక్కవలసిన మట్టి ఎండిపోయి బీటలు వారింది. మబ్బులు పట్టాయి. స్నానాల గదులు కట్టగా మిగిలిన సిమెంటు బస్తా గోడకానించి ఉంది. "అదే పెట్టరాదు, నాతోని కాదు" అంది. దొర మాట ఇద్దరికీ తెలుసు. రాయమల్లు ఆమె వైపు చూశాడు, బస్తా భుజానికెత్తుకున్నాడు. వద్దని ఒక్క మాట అని ఉంటే బాగుండేదని ఈ ఏడేళ్ళలో ఆమె ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. అనకపోవడమే ఆయన ప్రేమ అని కూడా తెలుసు. తెలిసినందుకే ఆ బరువు దిగలేదు.

మధ్యాహ్నం అదే గంపలో అన్నం, మామిడికాయ తొక్కు పెట్టి పంపింది. అన్నం ముట్టకుండా తిరిగొచ్చింది. ఆ వెంటనే మూడు గుంజులు. చెంబు పంపింది. కాసేపటికి మళ్ళీ మూడు గుంజులు. ఇన్ని నీళ్ళు తాగే మనిషి కాడు. ఎండ అలా ఉంది మరి అనుకుంది. పడమట మబ్బు నల్లబడుతోంది, ఆకు కదలడం లేదు.

రెండున్నర కల్లా కొన మూసుకుంది. కింది నుంచి చూస్తే తడి మట్టి మీద వరుసగా గూన, అంతా మామూలే. రాయమల్లు ఎడమ చేతిని చంకలో పెట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్క గూననూ వేలి కణుపుతో తట్టుతున్నాడు. మంచి గూన ఖంగుమంటుంది, బీట పడింది బొంగురుగా పలుకుతుంది. ఈ తట్టడం ఆయన తండ్రి నేర్పిందే. ఇవాళ ఏది తట్టినా ఖంగుమనే అంటోంది, కింద దూలం లేకపోయినా.

ఇంజనీరు కిషన్ రావు మూడుకు ఐదు నిమిషాల ముందే స్కూటరు దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, పని తెలిసినవాడు. ఇల్లు పడగొట్టాలనే తొందర ఆయనకు లేదు, నిలబెట్టాలనే మోజూ లేదు. స్తంభాల చుట్టూ తిరిగి సున్నం గీకి చూశాడు. కమానుల కింద నిలబడి బీటలు వెతికాడు. గుండ్రటి దర్వాజాలో కాసేపు ఊరికే నిలబడ్డాడు, అక్కడ పని ఏమీ లేకపోయినా. పెద్ద హాల్లో టార్చి వేసి దూలాలు చూసి తల ఊపాడు. ఉత్తరపు గదిలో మాత్రం కప్పు కింద చెక్క మాళిగ అడ్డముంది, పైన ఏముందో కనబడదు. వరండాలోకి వచ్చి మెడ ఎత్తాడు.

"రాయమల్లూ, పైన అంత మంచిగనే ఉన్నదా?"

సోమక్క మోకాళ్ళ దాకా మట్టితో తాడు దగ్గర నిలబడి ఉంది.

"ఉన్నది సార్." ఆ గొంతు తన మొగుడిదేనా అనిపించింది ఆమెకు, అంత సన్నగా ఉంది.

కిషన్ రావు అట్ట మీద కాగితం పెట్టుకుని పెన్ను మూత తీశాడు. "ఇంకో పదేండ్లకు ఫికర్ లేదని రాస్తాన్న టీచర్. కమిటీవాళ్ళు నా మీద గరమైతరు కావచ్చు, కానియ్యి."

లిదియా టీచరు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా ఈ ఇల్లే ఇల్లు. ఏడుపు ఆపుకోవడానికి ఏదో ఒక పని కావలసి ఉత్తరపు గదిలోకి పోయి ఒక మంచం కాళ్ళు పట్టి ఈడ్చింది. "సోమక్కా, జర ఇటు పట్టు. అందరికన్న చిన్నపిల్లను ఈ మూలకు పండవెడుదాం. ఆరో తరగతిది, మొదటిసారి ఇల్లు విడిచి వస్తాంది. ఇక్కడైతే గాలి మంచిగొస్తది."

సోమక్క కదల్లేదు. కాళ్ళ మీద మట్టి ఎండి బిగుసుకుంటోంది. పైన ఆయన ఉన్నాడు, ఆయన బతుకంతా ఆ కప్పు మీదే ఉంది. నోరు తెరిస్తే తన చేత్తోనే దాన్ని కూల్చినట్టు. తెరవకపోతే ఆ మూల మంచం. ఆమెకు భయమేసింది, ఇంజనీరును చూసి కాదు, పైన ఆ మాటలు వినబోయే చెవులను తలుచుకుని. సావిత్రి కూడా ఆ ఈడులో ఈ వరండాలోనే బొంత పరుచుకుని పడుకునేది.

"సారూ, రాయకుండ్రి," అంది.

కిషన్ రావు పెన్ను ఆపాడు.

"ఉత్తరపు కొన దూలం మురిగింది. మాళిగ మీద ఉన్నది, మీకు కానరాలె. ఏడేండ్ల కింద నేను సిమెంటు పెట్టిచ్చిన. పెట్టొద్దని తెలిసి కూడ పెట్టిచ్చిన. ఆయన వద్దన్నడు. నేనే వినలె."

వద్దన్నడు అన్న మాట అబద్ధం. ఆ ఒక్క అబద్ధం ఆమె ఆయనకోసం చెప్పింది. పైన గూన మీద ఏదో జరిగిన చప్పుడైంది.

ఇంజనీరు చొక్కా చేతులు మడిచి, ఇనుప చువ్వ పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. అప్పుడే పెట్టిన గూన రెండు తీసి, తడి మట్టి పక్కకు తోసి చువ్వ గుచ్చితే అది పిడి దాకా దిగిపోయింది. ఆయన చువ్వ వెంటనే బయటికి తీయలేదు. పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్న రాయమల్లును చూశాడు.

"నీకు తెల్వదా?"

"తెలుసు సార్," అన్నాడు రాయమల్లు.

ఇంజనీరు దిగివచ్చి చేతులు దులుపుకున్నాడు. కేకలు వేస్తాడనుకున్నారు, వేయలేదు. "పిల్లలను ఇయ్యాల్నే బడి గదులల్లకు పంపుండ్రి టీచర్. ఈ గదికి తాళమెయ్యండ్రి. ఇగ బంగ్లా సంగతంటరా..." అని ఆగి, ఆ మాట పూర్తి చేయకుండానే కాగితం మీద రాశాడు. ఏం రాశాడో అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. సోమక్క ముందు ఒక్క క్షణం నిలబడి, పోయి స్కూటరెక్కాడు. లిదియా టీచరు మూలకు జరిపిన మంచాన్ని తిరిగి పట్టి ఒక్కతే బయటికి లాగడం మొదలుపెట్టింది. సోమక్క సాయానికి పోతే "నువ్వు నీ పని చూసుకో" అంది. కోపంగా అనలేదు, కానీ అటు చూడకుండా అంది.

సోమక్క తాడు దగ్గరికి వచ్చింది. ఆమె పని అదే. ఆయన దిగుతాడని ఎదురుచూసింది. దిగి తిట్టినా బాగుండు, ఎదురుగా నిలబడి ఉమ్మేసినా బాగుండు. నిచ్చెన మీద అడుగులు లేవు. తాడు మీద చెయ్యి వేసి నిలబడింది. తొలి చినుకు మట్టిగుంటలో పడింది, ఇంకోటి ఆమె మెడ మీద.

అప్పుడు తాడు వణికింది.

గుంజు కాదు. సన్నగా, అరచేతిలో చీమ పాకినంత. పొద్దున్నుంచి రానిది ఇప్పుడొచ్చింది. ఆమె రెండు చేతులతో తాడు పట్టుకుని తిరిగి వణికించింది. ఉన్నానని. కాసేపటికి ఒక గుంజు వచ్చింది, మామూలు గుంజే, పంపమని. ఇంజనీరు తీసిన చోట కప్పాలి కాబోలు. రెండు తీశాడు, తీసేటప్పుడు ఒకటి పగిలింది. కూలగొట్టబోయే ఇంటికి గూన ఎందుకని ఆమె అనుకోలేదు. వాన వస్తోంది, కప్పు తెరిచి ఉంది. అంతవరకే.

ఉన్నవాటిలో మంచిది ఏరి, వేలి కణుపుతో తట్టి, ఖంగుమన్నాక గంపలో పెట్టింది. లాగింది. చూరుకు అందాక తాడును స్తంభానికి రెండు మెలికలు వేసి కట్టింది. రెండు గుంజుల కోసం నిలబడింది.

తొర్రూరు బస్సు దిగిన పిల్లలు రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని, వానలో గేటు దాటి వస్తున్నారు. టీచరు ఎదురుపోయి వాళ్ళను బడి వైపు మళ్ళించింది. వాళ్ళందరిలోకి చిన్నది మాత్రం ఆగి, పైకి లేచిన కొనల్నీ గుండ్రటి దర్వాజానూ నోరు తెరుచుకుని చూసి, పిలుస్తుంటే పరుగెత్తింది. సోమక్క ఆ పిల్ల బడి గదిలోకి పోయేదాకా చూసింది. తాడు ఇంకా కదల్లేదు. ఆమె సన్నగా వణికించింది. ఆగి మళ్ళీ వణికించింది.

తర్వాత నిచ్చెన ఎక్కింది. పెళ్ళయ్యాక ఆమె ఆ కప్పు ఎక్కడం అదే మొదటిసారి. రాయమల్లు కప్పు నడికొప్పు గట్టుకు వీపు ఆనించి, కాళ్ళు ఎడంగా చాపి, తువ్వాలు తలకు కప్పుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఛాతీ మీద ఉంది. కుడి చేతి కింద తాడు ఉంది, పట్టు లేదు. ఇంజనీరు విప్పిన చోట ఒక గూన తిరిగి పెట్టి ఉంది, దాని పక్కన మట్టి నున్నగా చదును చేసి ఉంది, ఇంకో గూనకు సరిపడా.

ఆయన పోయిన పదకొండో రోజు వానకు ఉత్తరపు కొన కూలింది. మాళిగతో సహా గదిలో పడింది, లోపల ఎవరూ లేరు, మంచాలు కూడా లేవు. ఆ మాట చెప్పడానికి లిదియా టీచరు హసన్‌పర్తికి మనిషిని పంపలేదు, తనే వచ్చింది. సోమక్క ఆమె వెంట బంగ్లాకు వచ్చి, మేకుకు తగిలించి మరిచిపోయిన కడియాలు తీసుకుని కొంగున కట్టుకుంది.

"ఆ తాడు కూడ విప్పుకపో సోమక్కా. దసరా తర్వాత పనోళ్ళు వస్తరట," అంది టీచరు.

సోమక్క స్తంభం దాకా పోయి ముడి మీద చెయ్యి పెట్టింది. పెట్టి తీసేసింది.

"ఆయన గుంజంది నేనెన్నడు దించలె టీచరమ్మా."

ఆమె వెళ్ళిపోయాక కూడా ఆ ముడిని ఎవరూ ముట్టలేదు. వరండా నడిమి చూరు కింద, గిరకకు ఆనుకుని, వానకు నల్లబడిన గంపలో ఒక గూన అలాగే ఉంది.